పందొమ్మిది రోజుల హిసాబ్

మా మున్నీ నర్సరీకి వెళ్ళింది పందొమ్మిది రోజులు. దానికి మేం కట్టింది 41,000 రూపాయలు. ఇది కాక స్కూలువాళ్ళ బీరువాలో మా ఆయన దస్తఖత్ చేసిన 22,000 చెక్కు ఒకటి, అక్టోబర్ 1 తారీఖుతో.

జూన్‌లో చేర్పించేటప్పటికి దానికి మూడున్నరేళ్ళు. మా ఇళ్ళలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా చేసి అక్షరాలు మొదలుపెట్టడం రివాజు. "అప్పటిదాకా ఆగరాదూ, జల్దీ ఏముంది?" అంది దాదీమా. నేను వినలేదు. మెహదీపట్నం దగ్గర మా గల్లీలో మున్నీ ఈడు పిల్లలంతా పొద్దున్నే వ్యానెక్కి పోతుంటే, మా పిల్ల ఒక్కతే గుమ్మంలో కూర్చుని టాటా చెప్పేది. అది చూడలేకపోయాను. చీటీ ఎత్తి ఫీజు కట్టేశాం.

మొదటివారం అందరు పిల్లల్లాగే ఏడ్చింది. రెండోవారం ఏడుపు ఆపింది. అలవాటైందని సంతోషపడ్డాను. కానీ ఏడుపుతోపాటు మాట కూడా ఆపేసింది. ఇంట్లో దాదీమాతో దక్కనీ, నాతో తెలుగు గలగలా మాట్లాడే పిల్ల, బడిలో నోరు విప్పదట. రోజు విడిచి రోజు తడిసిన గౌనుతో వచ్చేది. టీచరమ్మని అడిగితే, "బాత్రూమ్‌కి ఇంగ్లీషులో అడగాలని రూలండీ, మీరు కూడా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అంది. రాత్రిళ్ళు నా మెడ పట్టుకుని "మేరేకు ఇస్కూల్ నక్కో" అనేది. పందొమ్మిదో రోజు ఇంటికొచ్చి మంచినీళ్ళు కావాలని నాకు సైగ చేసి చూపించింది. నాకు! ఆ సైగకి నా గుండె జారిపోయింది. మర్నాడు పంపలేదు.

ఫీజు సంగతి మాట్లాడదామని వెళ్తే, ఆఫీసులో క్లర్కు అడ్మిషన్ ఫారం తిప్పి చూపించాడు. వెనకవైపు చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు. కట్టిన ఫీజు ఏ పరిస్థితుల్లోనూ వాపసు ఇవ్వరు. మధ్యలో మానిపిస్తే ఏడాది ఫీజు మొత్తం కట్టాలి. కింద నా దస్తఖత్. నేను చదువురానిదాన్ని కాదు. చదవగలిగీ చదవలేదు. ఇంకా రెండే సీట్లున్నాయంటే, ఆ కంగారులో వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం గీకేశాను.

ప్రిన్సిపల్ మేడమ్ కోప్పడలేదు. "ఇంకో నెల చూడండి, అదే అలవాటవుతుంది. మీ పాప కోసం ఇంకొకరిని కాదన్నాం, టీచర్లకి ఏడాదంతా జీతాలివ్వాలి కదా" అంది. ఆ మాటలో కొంత నిజం ఉందనిపించింది. నేను మాత్రం ఆమె ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా పరిస్థితి చూడండి మేడమ్" అని బతిమాలి వచ్చాను. ఇంటికొచ్చాక నామీద నాకే రోషమొచ్చింది. నేను అడిగింది ఖైరాత్ కాదే, నా పిల్ల తీసుకోని చదువు డబ్బు!

నల్గొండలో మా ఖాలూజాన్ వకీలు. ఆయనకి ఫోన్ చేసి కేసు వేద్దామన్నాను. ఆయన నవ్వి కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. చదువు వినియోగదారుల చట్టం కిందికొచ్చే సేవ కాదని 2010లో, 2012లో యూనివర్సిటీ, కాలేజీ కేసుల్లో సుప్రీంకోర్టు అంది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా అదే దారిలో నడిచి, కోచింగ్ సెంటర్లని మాత్రం అందులోంచి తప్పించింది. కాలేజీ మానేసేవాళ్ళకి ఫీజు వాపసు మీద యూజీసీ నియమాలున్నాయి, అవి నర్సరీకి వర్తించవు. విద్యాహక్కు చట్టం ఇచ్చే ఉచిత చదువు హక్కు 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలది.

"అయితే సబర్ చెయ్యమంటారా ఖాలూ?"

"సబర్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు బేటీ. ముందు ఆ రసీదు ముక్కలు చెయ్" అన్నారు.

నేను నిజంగానే చింపమంటున్నారేమో అనుకున్నాను. ఆయన ఉద్దేశం వేరు. 41,000 అని ఒక్క ముద్దగా అడిగితే ఒక్క 'లేదు'తో పోతుంది, దేనికెంతో విడదీయమన్నారు. విడదీశాను. అడ్మిషన్ 8,000. మొదటి టర్మ్ 22,000. పుస్తకాలు, యూనిఫాం 6,500. ఇందులో 2,500 రెండో టర్మ్ పుస్తకాలవి, అవి ఇంకా ఇవ్వనేలేదు. వ్యానుకి మూడు నెలల ముందస్తు 4,500. ఎక్కింది ఒక్క నెల. అప్పుడు కనిపించింది, నా హక్కు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పల్చగా ఉందో.

చెక్కు గురించి మరీ మరీ హెచ్చరించారు. బ్యాంకుకి చెప్పి ఆపించొచ్చు. కానీ ఆపించిన చెక్కు మీద కూడా 138 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో వాళ్ళు నోటీసు ఇవ్వాలి, అది అందాక మనకి 15 రోజుల గడువుంటుంది. అసలు బాకీయే లేదని మనం నిలబడాలంటే, పిల్లని మానిపించామనీ, రెండో టర్మ్ చదువు తీసుకోవడం లేదనీ ముందే రాతలో ఉండాలి. నోటిమాట గాలికి పోతుంది.

ఆ రాత్రి మున్నీ పడుకున్నాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో రెండుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. తర్వాత తెలుగులో రాశాను. దరఖాస్తు, రసీదు, షరతు, బాకీ, వాపసు, జవాబు, హక్కు. రాస్తూ రాస్తూ నాకే నవ్వొచ్చింది. ఈ తగాదాకి కావలసిన మాటలన్నీ మా దాదీమా కూడా రోజూ వాడేవే. మా పిల్ల నోట్లో ఉన్న రెండు భాషలూ పనికిరావన్న బడికి, ఆ రెండూ కలిసిన ఉత్తరమే పంపాను.

అందులో ఒక ప్రశ్న కూడా పెట్టాను. జులైలో మా గల్లీ బాబు ఒకడు అదే సెక్షన్‌లో చేరాడు. మున్నీ మానేశాక సీటు ఖాళీ అయిందని చెప్పే చేర్చుకున్నారని వాళ్ళమ్మే నాతో అంది. 'ఒక కుర్చీకి రెండు ఫీజులు ఎలా వసూలు చేస్తారు?' అని రాశాను. కాపీ దగ్గర పెట్టుకుని, అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపాను. 1915కి ఫోన్ చేసి షికాయత్ కూడా నమోదు చేయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళు తీర్పు ఇవ్వరు, మన ఫిర్యాదుని అవతలివాళ్ళకి పంపి జవాబు అడుగుతారు.

మూడు వారాలకి స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి నేను ఏడవలేదు. కాగితం ముందు పెట్టి ఒక్కొక్క లైనూ చదివాను. కుర్చీ లైను దగ్గర మేడమ్ క్లర్కు వంక చూసింది. క్లర్కు లేచి బీరువా తెరిచాడు. చెక్కు తిరిగిచ్చారు. వ్యాను డబ్బు 3,000, ఇవ్వని పుస్తకాల డబ్బు 2,500 వాపసు వచ్చాయి. టర్మ్ ఫీజులో సగమైనా ఇవ్వమన్నాను. "అది మాత్రం అడక్కండి" అంది. అడ్మిషన్ ఫీజూ అంతే.

హిసాబ్ వేస్తే పోయింది 35,500. రోజుకి దాదాపు 1,870 రూపాయలు. చీటీ వాయిదాలు ఇంకా కడుతున్నాం. గెలిచానని చెప్పుకోను. ఇన్సాఫ్ సగమే దొరికింది. మిగతా సగంలో నా తప్పు కూడా ఉంది, చదవకుండా పెట్టిన ఆ దస్తఖత్.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక గుజారిష్. సీట్లైపోతున్నాయని ఎవరన్నా సరే, ఫారం ఇంటికి తెచ్చుకుని వెనకవైపు చదవండి. మధ్యలో మానిపిస్తే ఏది తిరిగిస్తారో రాసివ్వమనండి. రెండో టర్మ్ చెక్కు ముందే ఇవ్వకండి. దేనికెంతో విడివిడిగా రసీదు అడగండి.

చెక్కు తెచ్చి బల్లమీద పెడితే మున్నీ పట్టుకుని "యే క్యా హై అమ్మీ?" అంది. ఆ నెలంతా దాని నోట ఒక ప్రశ్న వినలేదు నేను. చెక్కు లాక్కోకుండా, అది మళ్ళీ అడిగేదాకా ఊరుకున్నాను. అడిగింది. వచ్చే ఏప్రిల్‌లో దానికి బిస్మిల్లా. ఆ తర్వాతే బడి సంగతి చూద్దామని దాదీమాకి మాటిచ్చాను.