ఏరొచ్చే ముందే కాగితాల సంచి సర్దుకుందాం

పోస్టు కొంచెం పెద్దదే, అయినా ఓపిగ్గా చదవండి. మన నెల్లూరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. అవి దిగకముందే ఈ మాట చెప్పాలని మేము అక్కా తమ్ముడూ కూర్చుని రాస్తున్నాం.

మాది చేజర్ల మండలంలో పెన్న గట్టున ఉండే ఒక ఎస్టీ కాలనీ. 2021 నవంబరులో మాలో అక్క ఇంటర్ రెండో సంవత్సరం, తమ్ముడు తొమ్మిదో తరగతి. వారం రోజులుగా ముసురు. మా జేజి అప్పటికే చెప్పింది, "చీమలు గుడ్లు మోసుకొని గట్టెక్కతన్నాయి, ఈసారి ఏరు పెద్దదొస్తాది" అని. 19వ తేదీ పొద్దున కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు రావాల్సిందే. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. కింద నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయిందంటే మా గుడిసెల సంగతి మీరే ఊహించుకోండి.

ఆ రాత్రి కాలనీలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఏరు ఎటు తిరుగుద్దో, ఏ మిట్టకు పోవాలో మనోళ్లకు ఎవరూ నేర్పించక్కర్లేదు. మేకల్ని తోలుకొని, కోళ్లను గంప కింద పెట్టుకొని, వలలు, బియ్యం మూట, ఆఖరికి టీవీ కూడా మోసుకొని బడికాడికి చేరాం. రేకు పెట్టె మాత్రం మంచం కిందే ఉండిపోయింది. తాళం వేసుంది కదా, భద్రంగా ఉంటాదిలే అనుకున్నాం.

రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి చూస్తే పెట్టెకు తుప్పు పట్టిన చోటల్లా బురద కారతా ఉంది. పైన అమ్మ పెళ్లిచీర, అడుగున మా కాగితాలు. చీర ఉతికి ఆరేస్తే మళ్లీ కట్టుకునేటట్టు అయింది. కాగితాలు ముద్దయిపోయినాయి. కుల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, ఉపాధి జాబ్ కార్డు, ఇంటిస్థలం పట్టా, అక్క స్టడీ సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. మన మండలంలోనే పెరుమాళ్లపాడు దగ్గర 2020లో ఇసుకలో నుంచి నాగేశ్వరస్వామి గుడి బయటపడింది కదా. గుడినే కప్పేసిన ఏరుకు మా రేకు పెట్టె ఒక లెక్కా!

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. గుడిసె మళ్లీ కట్టుకునే పనిలో పడి కాగితాల సంగతి ఆరేడు నెలలు ఎత్తలేదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చినాక, కౌన్సెలింగ్‌కి కుల సర్టిఫికెట్ కావాలన్నప్పుడు పరుగు మొదలైంది. పాత సర్టిఫికెట్ నంబరు అడిగారు. ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరేమో ఎప్పుడో రీచార్జి చెయ్యక పోయిన సిమ్ముది, ఓటీపీ ఎక్కడికి పోతాదో దేవుడికే తెలియాలి. మళ్లీ మొదటి నుంచి విచారణ. ఒక ఆఫీసులో, "మీరు యానాదులే అనడానికి ఏం ఆధారం ఉంది?" అని అడిగారు. జేజి చేతులు కట్టుకొని నిలబడి, "మా తాతలు ఆ ఏటిగట్టునే పుట్టి ఆడే పోయినారు సామీ, కాగితం మాత్రం వాళ్లకు ఎవురూ ఇయ్యలా" అంది. ఆ మాట విని మాకు ఏడుపాగలేదు.

సర్టిఫికెట్ వచ్చేసరికి మొదటి విడత అయిపోయింది. రెండో విడతలో సీటొచ్చింది గానీ అక్క అనుకున్న కాలేజీలో కాదు, దూరంగా. వేరే కులాల పిల్లలకు కాగితం పోతే పొలం ఉంటాది, ఆఫీసులో తెలిసినోళ్లుంటారు, సాక్ష్యం చెప్పే పెద్దమనుషులుంటారు. మనకు హాస్టలు, స్కాలర్‌షిప్పు, సీటు, ఉద్యోగం అన్నీ ఆ ఒక్క కాగితం మీదే నిలబడి ఉన్నాయి. అందుకే మేకలతో పాటు దాన్ని కూడా తోలుకుపోవాలి.

ఆ తర్వాత మేము చేసుకున్నది ఇది:

1. ఒరిజినల్స్ అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, దాన్ని ఇంకో జిప్పు కవర్లో పెట్టి, భుజానికి తగిలించుకునే సంచిలో వేశాం. సంచి వాకిలి పక్కన మేకుకు ఎత్తుగా వేలాడతా ఉంటాది. పెట్టెలో పెట్టం.

2. ఒక నోటు పుస్తకంలో ఇంట్లో అందరి ఆధార్, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా నంబర్లు రాశాం. జిరాక్సుల సెట్టు ఒకటి వేరే ఊర్లో ఉన్న మేనత్త ఇంట్లో పెట్టాం.

3. ఆధార్ సెంటర్‌కి పోయి ఇప్పుడు వాడే ఫోన్ నంబరు ఎక్కించుకున్నాం. ఇది చెయ్యకుంటే డిజిలాకర్‌కి కావాల్సిన ఆధార్ ఓటీపీ మనకు రాదు. అందులోకి నేరుగా వచ్చే మెమోలు, కార్డులు చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించినవి మాత్రం కావు. ఆధార్ సందేహాలకు 1947కి ఫోన్ చెయ్యొచ్చు.

4. పేర్లు సరిచూసుకున్నాం. అమ్మ పేరు మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉంది. మన ఇళ్లల్లో ఇది మామూలే, కానీ అవసరం పడ్డ రోజు సరిచెయ్యడానికి టైం ఉండదు.

5. అదే సంచిలో జేజి మందులు, టార్చి, కవర్లో చుట్టిన అగ్గిపెట్టె, బొరుగులు, కొంచెం డబ్బులు. ఫోన్ ముందే చార్జి చేసుకోవాలి. ఆపదలో 112, ఆంబులెన్స్‌కి 108.

ఇంకోటి. రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో పోయేటప్పుడు అడ్వాన్సు కింద ఆధార్, ఏటీఎం కార్డులు యజమానుల దగ్గర పెట్టేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. జిరాక్సు ఇవ్వండి గానీ ఒరిజినల్ ఎవరి చేతిలోనూ వదలొద్దు. ఏరు తీసుకుపోయినా, ఇంకొకరి బీరువాలో ఉన్నా మనకు ఒకటే నష్టం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మాకు చెప్పే పని లేకుండా జేజే ముందు ఆ సంచి తీసి తమ్ముడి భుజానేసింది. "మేకల్ని నేను చూసుకుంటా, నువ్వు దీన్ని తడవనీకు" అంది.

కాబట్టి ఈ గ్రూపులో ఉన్నోళ్లం మనమొక పని చేద్దాం. చదువుకున్నది మనమే గదా, మన ఇంట్లో మనమే మొదలుపెట్టాలి. ఈసారి ఇంటికి పోయినప్పుడు పెట్టె తెరిచి చూడండి. తర్వాత పక్కన చదువు రాని అవ్వ ఇంట్లో పెట్టె కూడా తెరిపించండి. ఏ కాగితం లేదో, ఏ పేరు తప్పుందో రాసుకొని ఇక్కడ పెట్టండి. ఎట్లా తెచ్చుకోవాలో తెలిసినోళ్లం చెప్తాం, తెలియకపోతే కలిసి పోయి అడుగుదాం.