ఆశల అప్పు

లాలాగూడ రైల్వే క్వార్టర్ల నడుమనున్న ఖాళీ స్థలంలో సాయంకాలం క్రికెట్ ఆడే పిల్లలను కాసేపు చూసి ఇల్లు చేరడం నాకు అలవాటు. మా కళాశాల విద్యార్థి ఒకడు అక్కడ చక్కగా బ్యాటింగ్ చేసేవాడు. "నీవు తప్పక ఇండియాకు ఆడతావు బేటా!" అని నలుగురి ఎదుట అన్నవాణ్ణి నేనే. నిరుడు జట్టు ఎంపికలో అతని పేరు రాలేదు. నాటినుండి అతడు బ్యాటు ముట్టలేదు. తరగతిలో నా ముఖం చూడడం కూడా మానివేశాడు. నా మెప్పు అతని నెత్తిన అప్పుగా మారిందని ఆలస్యంగా గ్రహించాను.

అప్పుడు నాకు అంబటి రాయుడు జ్ఞప్తికి వచ్చాడు. గుంటూరులో జన్మించి హైదరాబాదు జట్టుకు ఆడిన అతడు 2002లో, పదిహేడవ ఏట, ఆంధ్ర జట్టుపై ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ సాధించాడు. 2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన 19 ఏళ్ళలోపువారి ప్రపంచ కప్‌లో మన జట్టుకు నాయకుడు. భారత క్రికెట్‌కు కాబోయే మహా బ్యాట్స్‌మన్ అని అందరూ అన్నారు. ఆ జట్టులో అతని క్రింద ఆడిన శిఖర్ ధావన్, సురేశ్ రైనా తరువాత టెస్టులాడారు. రాయుడుకు మాత్రం ఒక్క టెస్టు కూడా దక్కలేదు.

2007లో బోర్డు గుర్తించని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరడంతో అతనికి బోర్డు పోటీలు దూరమైనాయి. 2009లో క్షమాభిక్ష లభించింది. తొలి వన్డే 2013లో, హరారేలో. ఆనాడు 63 నాటౌట్. 2019 ప్రపంచ కప్ జట్టులో చోటు రాలేదు. మొత్తం 55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05.

మన జోస్యాల తక్కెడలో తూచితే ఇది కొంచెమే. కాని ఆ జోస్యాలు చెప్పినవారము మనము, ఆడినవాడు అతడు. దొరికిన 55 అవకాశాలలో అతడు చేసినది తక్కువేమీ కాదు.

మొన్న ఆ విద్యార్థిని పిలిచి, "ఆనాటి నా మాట నీవు మోయనక్కరలేదు. తొందరపడినది నేను. నీకు ఆడాలనిపిస్తేనే ఆడు" అన్నాను. "సరే సార్" అని తల వంచుకొని వెళ్ళిపోయాడు.

నిన్న సాయంకాలం ఆ స్థలంలో అతడు కనిపించాడు. రెండవ బంతికే అవుటయి, నవ్వుతూ బ్యాటు మరొకరికి అందించాడు. ఈసారి నేనేమీ అనలేదు.