రోజు మార్చి రోజు

ఏప్రిల్ 8
పొద్దున్నే సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు కట్టెక్కి చూశాను. పోయిన వారం కన్నా నీళ్లు జానెడు దిగాయి. ఎండకు ఆవిరయ్యేది కొంత, మేం తోడుకునేది కొంత. సాగర్ కుడి కాలువ చివర్న ఉన్న ఊరు మాది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ ఆ కాలువలకు నీళ్లు వదిలారని బడిలో బట్టీ పట్టాం. అవి మా దాకా రావాలంటే ఎన్ని మేజర్లు, ఎన్ని తూములు దాటాలో అప్పుడు ఎవరూ చెప్పలేదు. తాగునీళ్లకని వదిలినా గట్ల మీద ఆయిల్ ఇంజన్లు దిగుతాయి. పంట కళ్ల ముందు ఎండుతుంటే రైతు మాత్రం ఏం చేస్తాడు? ప్రస్తుతానికి రోజు మార్చి రోజు ఇస్తున్నాం. ఈ నెలలో కాలువ రాకపోతే మూడు రోజులకోసారే.

ఏప్రిల్ 12
తెల్లారి అయిదింటికి వాల్వు బాబాయ్ వెంట తిరిగాను. పొడవాటి ఇనుప చెవి గుంటలోకి దించి చుట్లు లెక్కపెడతాడు. ఏ వీధికి ఎన్ని చుట్లో ఏ రిజిస్టర్లోనూ లేదు. "పద్నాలుగు చుట్లమ్మా. పదిహేనోది తిప్పామో, పై వీధోళ్లు బిందెలు పట్టుకుని మన మీదికొస్తారు." వచ్చే ఏడు ఆయన రిటైరవుతాడు. ఈ లెక్కలన్నీ ముందే రాసి పెట్టుకోవాలి.

చివరి ఇంటి కుళాయి నీళ్లు గాజు గొట్టంలో పట్టి, క్లోరిన్ పరీక్షకు ఓటీ చుక్కలు వేశాను. పసుపు తేలాలి, తేలలేదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి కదా. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర నిమ్మపండు రంగు వచ్చిన నీళ్లే ఇవి.

ఏప్రిల్ 13
ఆ చివరి ఇంటి దగ్గర తవ్వించాం. ఇళ్లకు పోయే సర్వీసు పైపు సైడు కాలువలోంచే పోతోంది, నల్లటి బురదలో మునిగి. గుడ్డతో తుడిస్తే జల్లెడలా ఉంది. నీళ్లొచ్చే వేళ బయటికి చిమ్ముతుంది, పోయేది నీళ్లే. ఆపాక పైపు ఖాళీ అవుతుంది. మళ్లీ వాల్వు తిప్పకముందే జనం మోటార్లు ఆన్ చేసి కూర్చుంటారు. అవి ఊరుకుంటాయా, చిల్లుల్లోంచి బురదనీళ్లు లాగుతాయి.

2018లో గుంటూరులో అతిసారంతో జనం చనిపోయినప్పుడు నేను కోచింగ్‌లో ఉన్నాను. తాగేనీళ్లలో మురుగు కలిసిందంటే పేపర్లో చదివి పక్కన పెట్టేశాను. ఇవాళ రెండుసార్లు సబ్బు రాసినా చేతుల వాసన పోలేదు.

ఆఫీసులో మళ్లీ పాత గొడవే. పైపు ఇంజనీరింగ్ వాళ్లదట, కాలువ పూడిక శానిటేషన్ వాళ్లదట. రెండు సెక్షన్లకూ రెండు కాగితాలు రాసి సంతకం పెట్టాను. కొత్త పైపు కాలువ మీదుగా ఎత్తి వేస్తామన్నారు.

ఏప్రిల్ 16
ఊళ్లో భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకు గొట్టం నేరుగా సైడు కాలువలోకే. ఇంకుడు గుంత ఉన్న ఇళ్లు నా వార్డులో వెతికితే నాలుగు దొరికాయి.

సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించాలన్న ఒకాయన, ట్యాంకరు సందులోకి రాదు, ఇద్దరు మనుషుల్ని దించేద్దాం అన్నాడు. 2013 చట్టం ప్రకారం అది నేరమన్నాను. "ఎప్పట్నుంచో దిగేవాళ్లేగా" అన్నాడు. దిగినవాడు లోపల పోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పిందన్నాను. అప్పుడు కుర్చీ వేశాడు. ప్రాణం మాట వినని మనిషి లక్షల మాటకు లేచాడు, నాకు ఒళ్లు మండింది. కుర్చీలో మాత్రం కూర్చున్నాను. పొడవు గొట్టం తెప్పించి పని కానిచ్చాం.

ఏప్రిల్ 19
కుళాయిలకు బిగించిన మోటార్లు పదకొండు పీకించాం. "పక్కింట్లో ఉంటే మేమేం పాపం చేశామే?" అని ఒక ముసలావిడ నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. ఎలా ఉంటుంది? మా ఇంట్లో సంపు పక్కన, గోనెసంచి కప్పి, అర హెచ్‌పీ మోటారు ఉంది.

రాత్రి అత్తయ్యతో అన్నాను. "నువ్వు చీకటితోనే పోతావు. నీళ్లు పట్టేది నేను" అన్నారు. అదీ నిజమే.

ఏప్రిల్ 21
మోటారు విప్పి అటక మీద పెట్టాం. పొద్దున కుళాయి సన్నగా, దారంలా వచ్చింది. బిందె నిండేసరికి పదకొండు నిమిషాలు. అత్తయ్య గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారు, నా కేసి మాత్రం చూడలేదు. రెండో బిందె సగమైందో లేదో, వెనకింటి మోటారు మొదలైంది.