శిలాక్షరాలకు ఏ కెమేరా?



మూడు మాసాలుగా మా ఇంట కెమేరా పురాణం సాగుతున్నది. పౌరాణికుణ్ణి నేను, ఏకైక శ్రోత మా ఆవిడ. ఈ పురాణానికి కారకుడు నా పూర్వ విద్యార్థి ఒకడు. పదవ తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చెయ్యమంటే చెమటలు పోసుకొన్న ఆ పిల్లవాడు ఇప్పుడు అమెరికాలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. మొన్న వేసవిలో చూడవచ్చినప్పుడు, "మాస్టారూ! మీరు శాసనాలకు ఫొటోలు తీస్తూ ఊళ్ళు తిరుగుతున్నారట గదా. ఆ ఫోనుతో ఎందుకండీ తిప్పలు? ఉన్నవాటిలో శ్రేష్ఠమైన కెమేరా ఏదో మీరే తేల్చి చెప్పండి. ధర సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాడు. "వద్దురా నాయనా" అన్నాను. వాడు వినలేదు. నేనూ అంత గట్టిగా అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆనాటి నుండి అన్వేషణ ఆరంభమైనది. వెదికిన కొద్దీ ఆశ పెరిగింది. 2017లో వచ్చిన నికాన్ డి850కి 45.7 మెగాపిక్సెళ్ళు. 2022లో వచ్చిన సోనీ ఏ7ఆర్ ఫైవ్‌కు 61. 2021లో ఫూజీ సంస్థ తెచ్చిన జీఎఫ్ఎక్స్ 100ఎస్‌కు ఏకంగా 102! ఇక సెన్సరు అనబడే ఆ వెలుగు పట్టే పలక కొలతలు వేరే లెక్క. సామాన్యంగా దొరికే మధ్యరకం కెమేరాలలో అది సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. 'ఫుల్ ఫ్రేము' అన్నవాటిలో పాత ఫిలిం రీలు ప్రమాణమే - 36, 24. ఫూజీ వారి ఆ పెద్ద కెమేరాలో 44, 33. పిండి కొద్దీ రొట్టె. నా మనస్సు మాత్రం 102 దగ్గర పీట వేసుకొని కూర్చున్నది.

ఈ వయస్సులో ఇంత అత్యాశ ఎందుకు కలిగిందో చెప్పాలంటే ఒక రాయి కథ చెప్పాలి.

మా ఊరి శివాలయ మండపంలో, ఉత్తరపు వరుస స్తంభాల నడుమ, నాలుగడుగుల శాసనశిల ఒకటి ఉండేది. సున్నం పూతలు పడి పడి సగం పూడిపోయిన రాయి. 2006లో, అప్పటికి కొత్తగా కొనుక్కొన్న నాలుగు మెగాపిక్సెళ్ళ చిన్న కెమేరాతో దానిని ఫొటో తీశాను. మండపంలో చీకటి, కెమేరా తనంతట తానే ఫ్లాషు వెలిగించింది. రాయి తెల్లగా మెరిసింది. తెర మీద చూసుకొని 'బాగా వచ్చింది' అని సంతోషించి ఇంటికి వచ్చాను. తీరా తీరిక చేసుకొని చదవబోతే మొదటి మూడు పంక్తులు తెలుస్తున్నవి, అయిదూ ఆరూ తెలుస్తున్నవి, నాలుగవ పంక్తి మొదలు తెలియడం లేదు. ఒక స్త్రీ స్వామికి అఖండదీపం పెట్టి, నేతి నిమిత్తం ఇరవైయైదు గొఱ్ఱెలను ఇచ్చినట్లు ఉన్నది. దీపం ఉన్నది, గొఱ్ఱెలు ఉన్నవి, ఆచంద్రార్కం ఉన్నది. ఆమె పేరు లేదు. పేరు చివర 'సాని' మాత్రం చదవవచ్చు. దానికి ముందు మూడక్షరాల చోటు. ఆ చోటంతా ఫ్లాషు వెలుగులో తెల్లబోయి ఉన్నది.

ఊళ్ళో ఉన్న రాయే గదా, మళ్ళీ తీద్దాం అనుకొన్నాను. వాల్యుయేషన్లు, బదిలీలు, అమ్మాయి పెళ్ళి... పదమూడేళ్ళు గడిచినవి. 2019లో ఆలయ పునరుద్ధరణ జరిగింది. సున్నం వదిలించడానికి ఇసుకను యంత్రంతో పిచికారీ చేశారు. నేను వెళ్ళి చూచేసరికి రాయి పసిబిడ్డ చెక్కిలిలా నున్నగా ఉన్నది. చేసినవారిని ఏమనగలను? భక్తితోనే చేశారు. శుభ్రంగా ఉన్నదని నన్ను కూడా మెచ్చుకోమన్నారు.

మూడక్షరాలకు ఇంత దుఃఖమా అని మీరు అనవచ్చు. అమరావతి శిలాఖండం మీది 'నాగబు' అన్నది మూడక్షరాలే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని తెలుగు మాటగా గుర్తించినందువల్ల మన భాషాచరిత్రలో ఆ మూడక్షరాలకు అంత పీట దక్కింది. నన్నయకు ముందే పద్యం ఉన్నదని సాక్ష్యం చెప్పినవీ రాళ్ళే. 848 నాటి అద్దంకి శాసనంలోని తరువోజ, బెజవాడలో యుద్ధమల్లుని మధ్యాక్కరలు, కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుని కందాలు - ఇవన్నీ రాతి మీద నిలిచినందువల్ల దక్కినవి. మా ఊరి దాత రాణి కాదు, కవయిత్రి కాదు. ఆమెకు చరిత్రలో ఉన్న చోటంతా ఆ ఒక్క పంక్తి. అది నా దగ్గర ఉన్న ఒక్క ఫొటోలో చదవరాకుండా ఉన్నది.

'నాడు మంచి కెమేరా ఉండి ఉంటే' అని అప్పటి నుండి అనుకొంటూనే ఉన్నాను. 102 మెగాపిక్సెళ్ళ మీద మోజు అక్కడి నుండి వచ్చింది.

ఒకనాటి రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. రాయి ఎత్తు నాలుగడుగులు, అంటే సుమారు 1,219 మిల్లీమీటర్లు. నా పాత కెమేరా బొమ్మ పొడవున 2,272 చుక్కలు. రాయి బొమ్మ నిండా పట్టేటట్లు తీశాను గనుక ఒక్కొక్క చుక్క రాతి మీద అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. అంగుళం ఎత్తు అక్షరానికి 47 చుక్కలు వచ్చినవి. మూడు మిల్లీమీటర్ల ఉలిగీతకు అయిదారు చుక్కలు. 47 చుక్కల ఎత్తున్న అక్షరాన్ని చదవలేమా? నిక్షేపంగా చదవగలం. మరి ఎందుకు చదవలేకపోయాను?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా లక్షలు పోయించడం ధర్మం కాదనిపించింది. హైదరాబాదులో రోజు అద్దెకు కెమేరాలు ఇచ్చే దుకాణాలు ఉన్నవి. గుర్తింపు పత్రమూ, ధరావతు సొమ్మూ ఇచ్చి రెండు తెచ్చుకొన్నాను - నికాన్ జెడ్ 6 టూ, జెడ్ 7 టూ. రెండూ 2020లో వచ్చిన కవలలు. బయటి ఆకారం దాదాపు ఒక్కటే. లోపలి సెన్సరు వేరు. మొదటిదానికి 24.5 మెగాపిక్సెళ్ళు, రెండవదానికి 45.7. ధరలో మాత్రం చాలా వ్యత్యాసం. వీటితో పాటు మాక్రో లెన్సులు రెండు, 50 మిల్లీమీటర్లది ఒకటి, 105ది ఒకటి. అన్నీ సంచిలో సర్దుకొని పొరుగూరి గుడికి బయలుదేరాను. అక్కడి మండపంలోనూ దాదాపు అంతే ఎత్తు శాసనం ఉన్నది.

మొదటి పాఠం లెన్సు నేర్పింది. దుకాణంలోని కుర్రవాడు 105 గొప్పదన్నాడు, అది నిజమే. కాని నాలుగడుగుల రాయి పూర్తిగా పట్టాలంటే దానితో పన్నెండడుగుల వెనక్కు జరగాలి. నేను జరగగలిగినది ఆరడుగులు. ఆ తరువాత స్తంభం. 50తో ఆరడుగులలో రాయి అంతా వచ్చింది. మధ్యరకం కెమేరాకు అదే 50 తగిలిస్తే ఎనిమిదిన్నర అడుగులు కావాలి, లేదా మరింత పొట్టి లెన్సు కావాలి. కనుక కెమేరా ఎంచుకొనే ముందు, మనం నిలబడబోయే చోటును టేపుతో కొలుచుకోవాలి. మాక్రో లెన్సే ఎందుకంటే, అది చదునైన వస్తువును అంచుల దాకా ఒకే స్పష్టతతో పట్టడానికి తయారైనది. ఎఫ్ 8 దగ్గర పెట్టి తీశాను. ద్వారం ఇంకా చిన్నది చేస్తే మంచిదనుకొని 16, 22 దాకా పోతే వెలుగు చెదిరి బొమ్మ మెత్తబడుతుంది.

రెండవ పాఠం ట్రైపాడు నేర్పింది. కెమేరాను కదలకుండా నిలిపితే ఐఎస్‌ఓ 100 దగ్గర ఉంచి, రెప్ప రెండు సెకన్లు తెరిచి ఉంచవచ్చు. చీకటి మండపం అడ్డు కాదు. అయితే కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలోని కట్టడాలలో ట్రైపాడు నిలపడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని చోట చేతితోనే తీయవలసి వస్తే, చెయ్యి వణుకును సెన్సరే సర్దుకొనే ఏర్పాటు కెమేరాలో ఉండాలి. ఈ రెండింటిలోనూ ఉన్నది. అరవై దాటిన చేతులకు అది విలాసం కాదు.

మూడవది బొమ్మ భద్రపరచే పద్ధతి. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క రంగుకు వెలుగునీడల మెట్లు 256. ఈ కెమేరాల 14 బిట్ల 'రా' ఫైలులో 16,384. మాసిన రాతి మీద అక్షరానికీ రాతికీ ఉన్న తేడా ఒకటి రెండు మెట్లే. మెట్లు ఎక్కువ ఉంటే ఆ తేడాను తరువాత పెంచి చూడవచ్చు.

ఇంటికి వచ్చి రెండు కెమేరాల బొమ్మలనూ కంప్యూటరులో పక్కపక్కన పెట్టాను. అంగుళం అక్షరానికి మొదటిదానిలో 126 చుక్కలు, రెండవదానిలో 172. మెగాపిక్సెళ్ళు రెట్టింపైనా పొడవులో స్పష్టత రెట్టింపు కాదు, 1.41 రెట్లే. రెండవదానిలో రాతిలోని అభ్రకపు తళుకులు కూడా లెక్కపెట్టవచ్చు. అక్షరం మాత్రం రెండింటిలోనూ ఒకే అక్షరం. అంతకన్న విచిత్రం, ఎదురుగా వెలుగు పెట్టి తీసిన బొమ్మల్లో 45 మెగాపిక్సెళ్ళు కూడా ఒక పంక్తిని చదవలేకపోయినవి. టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి, ఎడమ పక్క నుండి ఏటవాలుగా వేసి తీసిన బొమ్మల్లో, ఆ పంక్తి నల్లని నీడలతో లేచి నిలబడ్డది. ఉలిగుంట లోతు నీడ వల్ల తెలుస్తుంది. ఎదుటి వెలుగు ఆ నీడను మింగేస్తుంది.

అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. బీరువాలో పడి ఉన్న 2006 నాటి కెమేరాను వెదికి తీశాను. కొత్త బ్యాటరీలు వేస్తే ప్రాణం వచ్చింది. మరునాడు మళ్ళీ పొరుగూరు వెళ్ళాను. "నిన్ననే గదా మాస్టారూ వచ్చారు?" అన్నారు పూజారిగారు. టార్చి పట్టుకొని సాయం చేయమని ఆయననే అడిగాను. ఫ్లాషు ఆపివేసి, చిన్న కెమేరాను ట్రైపాడు మీద నిలిపి, పక్క వెలుగుతో తీశాను. ఇంటికి వచ్చి చూశాను. ఆ పంక్తి చదవవచ్చు. కొంచెం గరుకుగా ఉన్నది, అంచులు మసకగా ఉన్నవి, కాని ప్రతి అక్షరమూ చదవవచ్చు.

చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. పందొమ్మిదేళ్ళుగా కెమేరా మీద వేసిన నింద దానిది కాదు. ఫ్లాషు ఆపే మీట నాడు కూడా దాని మీద ఉన్నది. టార్చి నాడు కూడా మా ఇంట్లో ఉన్నది. మా ఆవిడ కాఫీ తెచ్చి, "బాగా రాలేదా?" అని అడిగింది. "బాగానే వచ్చింది" అన్నాను.

మరి ఇక కెమేరా ఎందుకు అని అడుగుతారు. అవసరమే. చూడవలసిన రాళ్ళు ఇంకా ఉన్నవి. అంగుళం కాదు, పావు అంగుళం అక్షరాలు ఉన్న రాగిరేకులు ఉన్నవి. చేతితో తీయవలసిన చీకటి కోణాలు ఉన్నవి. 'రా' ఫైలు ఉపయోగం కళ్ళారా చూశాను. కాని శ్రేష్ఠమైనది ఏది అన్న ప్రశ్న మారిపోయింది. 'కందం చెప్పినవాడే కవి' అన్నారు. ఛందస్సులో పెద్దవి శార్దూలాలూ మత్తేభాలూ ఉండనే ఉన్నవి. చెప్పవలసిన మాట కందంలో ఇమిడేటప్పుడు వాటి జోలికి పోనక్కరలేదు.

శిష్యునికి ఫోను చేశాను. జెడ్ 6 టూ చాలు అన్నాను. 2024లో దాని తరువాతిది వచ్చింది గనుక, ఒకరు వాడినది మంచి స్థితిలో దొరికినా సరే అన్నాను. 50 మాక్రో, బరువైన ట్రైపాడు ఒకటి, పక్క వెలుగుకు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు రెండు, బొమ్మలు మూడు చోట్ల దాచడానికి హార్డు డిస్కులు. "అంతేనా మాస్టారూ? నేను అనుకొన్నదానిలో సగం కూడా కాలేదు" అన్నాడు. "మిగిలినది నీ దగ్గరే ఉంచు. మీ తాతగారి ఊళ్ళో చెరువుగట్టు మీద ఒక రాయి ఉండాలి. ఈసారి వచ్చినప్పుడు నన్ను తీసుకొని వెళ్ళు" అన్నాను. "అది ఇంకా ఉన్నదాండీ?" అన్నాడు. ఆ ప్రశ్న నాకూ ఉన్నది.

ఈ పనిలో నాకన్న ఎంతో ముందున్నవారు ఉన్నారు. 2001లోనే టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు హెచ్‌పీ ప్రయోగశాలలో ఒక పద్ధతి కనిపెట్టారు. కెమేరాను కదపకుండా, వెలుగును మాత్రం నాలుగు దిక్కులకూ తిప్పుతూ పదుల బొమ్మలు తీస్తారు. తరువాత కంప్యూటరులో వెలుగును ఇష్టమైన వైపుకు జరుపుకొంటూ రాతిని చదువుతారు. ఆ విద్య నేర్చుకోవాలని ఉన్నది. మీలో ఎవరికైనా తెలిసి ఉంటే చెప్పండి, శిష్యరికం చేస్తాను.

ఒక్క విన్నపం. మీ ఊరి గుడిలోనో, చెరువుగట్టు మీదనో అక్షరాల రాయి ఉంటే కెమేరా కొనేదాకా ఆగవద్దు. సుద్దపొడి రుద్దవద్దు, నీళ్ళు పోయవద్దు. చేతిలోని ఫోను చాలు. ఫ్లాషు ఆపండి. తోడు వచ్చినవారిని టార్చి పట్టుకొని పక్కన నిలబడమనండి. ఒకటి ఎడమ నుండి, ఒకటి కుడి నుండి, ఒకటి పై నుండి వెలుగు వేసి తీయండి. ఇంటికి రాకముందే, అక్కడే నిలబడి, ప్రతి పంక్తినీ చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.