పైష్టి, గౌడి

పుట్టి బుద్ధెరిగి మద్యం ముట్టని నేను, ఆరుపదులు దాటాక టిక్కెట్టు కొనుక్కుని మరీ ఒక విస్కీ బట్టీని చూసి వచ్చానంటే చల్లపల్లిలో నా తోటి పంతులమ్మలు ఇప్పటికీ నవ్వుతారు. మా అమ్మాయి, అల్లుడు ఎడింబరోలో ఉంటారు. నిరుటి వేసవిలో వారి వద్ద ఉండగా, "పాతకాలపు కట్టడం, పల్లెటూరు, పక్కనే ఏరు. మీకు నచ్చుతుంది అత్తయ్యగారూ" అని అల్లుడుగారు నన్ను గ్లెన్‌టరెట్‌కు తీసుకువెళ్ళారు.

పెర్త్‌షైర్‌లో క్రీఫ్ అనే చిన్న ఊరి చేరువన, టరెట్ ఏటి ఒడ్డున ఉన్నదా బట్టీ. 1763 నాటిదని వారు చెప్పుకుంటారు. 1920లలో మూతపడి, సామగ్రి అంతా ఊడదీసిన తరువాత, 1957లో జేమ్స్ ఫెయిర్లీ అనే ఆయన పూనుకొని తిరిగి నిలబెట్టాడు. అక్కడ ఒక పిల్లికి విగ్రహం ఉంది. టౌజర్ అనే ఆ పిల్లి 1963 నుండి 1987 వరకు బ్రతికి 28,899 ఎలుకలను పట్టిందని గిన్నిస్ వారి లెక్క. ధాన్యం ఉన్నచోట ఎలుక తప్పదు కదా!

లోపల మొలకెత్తించి ఆరబెట్టిన యవలను మరపట్టి వేడినీటిలో కలుపుతున్నారు. కొయ్యతెడ్లతో చేతులతోనే కలపడం అక్కడి ఆచారం. ఆ తీపినీటిని కొయ్యతొట్లలో పులియబెట్టి, రాగిబానలలో రెండుమార్లు బట్టీ పడతారు. మొదట వచ్చినదీ చివర వచ్చినదీ వేరుచేసి, నడిమి భాగాన్ని మాత్రమే ఓకు పీపాలకెత్తుతారు. మూడేళ్ళు పీపాలో నిలవనిదే దానిని స్కాచ్ విస్కీ అనడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ నిలవలో ఏటా నూటికి రెండుపాళ్ళు ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అంటారట.

వింటూ ఉంటే నాలోని తెలుగు పండితురాలు మేలుకొన్నది. మనుస్మృతి సురను మూడు విధాలుగా చెప్పింది: గౌడి, పైష్టి, మాధ్వి. గుడమంటే బెల్లం, దాని నుండి తీసినది గౌడి. పిష్టమంటే పిండి, ధాన్యపుపిండి నుండి తీసినది పైష్టి. ఈ లెక్కన స్కాట్లాండువారి విస్కీ పైష్టి. మన దేశంలో విస్కీ పేరిట అమ్ముడయ్యే ఎంతో సరుకుకు ఆధారం చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుండి దింపిన సారాయం. అంటే గౌడి! ధాన్యం నుండి తీయనిదానికి ఐరోపా చట్టం విస్కీ అనే పేరే ఇవ్వదు. మన ప్రాచీనులూ ఆ రెంటికీ ఒకే పేరు పెట్టలేదు.

అల్లుడుగారితో ఈ మాట చెప్పి నవ్వబోయాను. నవ్వు రాలేదు.

మా నాన్నగారికి రెండెకరాల చెరుకు ఉండేది. ఆ డబ్బుతోనే నన్ను భాషాప్రవీణ చదివించారు. నేను పండితురాలినయ్యాను. నాకన్న రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు అదే చెరుకు పండిస్తూ ఊళ్ళోనే ఉండిపోయాడు, తాగుడు మరిగాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత వాచకంలోని పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న వార్త మా మరదలికి చదివి వినిపించింది నేనే. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మద్యమంతటినీ నిషేధించారు. దొంగసరుకు దొరికేదే కానీ మావాడు దాని జోలికి పోలేదు. ఆ రెండేళ్ళూ మరదలి ముఖం తేటగా ఉండేది. 1997లో నిషేధం ఎత్తివేశారు. వాడు సారా మాని సీసా పట్టాడు. "ఇది సారా కాదక్కా, విస్కీ" అనేవాడు, అదేదో పదోన్నతి అయినట్లు.

జీతాలనాడు బడి గేటు దగ్గర నిలుచునేవాడు. పిల్లల ఎదుట గొడవెందుకని వంద రూపాయలు చేతిలో పెట్టి పంపేదాన్ని. ఎందుకడుగుతున్నాడో నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. నలభై నిండకుండానే, 2001లో పోయాడు. ఏ మిల్లునూ, ఏ దుకాణాన్నీ నేను తప్పుపట్టలేను. ఆ నోట్లు ఇచ్చిన చేయి నాదే.

గిడ్డంగిలో చీకటి, చల్లదనం. వరుసలలో ఒక పీపా మూతమీద తెల్లరంగుతో 2001 అని వ్రాసి ఉంది. వాడు పోయిన ఏడు నింపినది ఇంకా అక్కడే ఆగి ఉన్నది. దానికి తాళం, కాపలా, ఏటేటా లెక్క. అంత జాగ్రత్తలో పిసరంత నా తమ్ముడి మీద పెట్టి ఉంటే, గేటు దగ్గర వంద ఇచ్చి పంపక ఇంటికి తీసుకువెళ్ళి అన్నం పెట్టి ఉంటే ఏమయ్యేదో.

చివరన గ్లాసులు ఇచ్చారు. నా ముఖం చూసి అల్లుడుగారు తన గ్లాసు కింద పెట్టేశారు. "మీరు పుచ్చుకోండి బాబూ, నాకోసం మానవద్దు" అన్నాను. ఆయన తీసుకోలేదు. నా గ్లాసు వాసన చూశాను. బెల్లం వాసన ఉంటుందేమోనని అనుకున్నాను. లేదు. తడిసిన ధాన్యపు గాదె వాసన.

ఇంటికి రాగానే మరదలికి ఫోను చేశాను. ఎక్కడికి వెళ్ళావు వదినా అని అడిగింది. ఏటి ఒడ్డుకు అన్నాను. మిగిలినది ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పవలసిన మాట. ఇంకా చెప్పలేదు. ముందు ఇక్కడ వ్రాశాను.