ఒకే చెట్టు కాయలు, ఒకే కారం కాదు

కూర మండితే మనం వండినమ్మనే అంటాం. ఆమె నిన్న వేసినన్ని కాయలే ఇవాళా వేసి ఉంటుంది. నిన్నటి నాలుగు కాయలు చప్పగా ఉన్నాయి, ఇవాళ్టి నాలుగు కాయలు కళ్ల నీళ్లు తెప్పించాయి. రెండూ ఒకే పెరటివి, ఒక్కోసారి ఒకే చెట్టువి. ఇలా ఎందుకవుతుందో మేము బడిలో పిల్లలతో చాలా రోజులు మాట్లాడుకున్నాం. తోటి ఉపాధ్యాయులకూ, చదువుకుంటున్న మన పిల్లలకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

మేము గోదావరి ఒడ్డు కోయ పల్లెల వాళ్లం. మిరప మాకు తిండి మాత్రమే కాదు, కూలి కూడా. సంక్రాంతి దాటితే మా వాళ్లు మిరప కోతలకు బయలుదేరతారు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి మన చుట్టాలు కూడా వస్తారు. ఆ రెండు మూడు నెలలు మా తరగతి గదుల్లో బెంచీలు ఖాళీగా ఉంటాయి. తిరిగి వచ్చిన పిల్లలకు తేజ రకం ఏదో, తాలు కాయ ఏదో, బస్తా ఎంత పలికిందో అన్నీ తెలుసు. "మరి కారం కాయలో ఎక్కడ పుడుతుంది?" అని అడిగితే మాత్రం అందరూ ఒకే మాట అంటారు: "గింజలో సార్!"

గింజలో పుట్టదు. కాయను నిలువుగా చీలిస్తే గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తని ఈనె కనిపిస్తుంది. కారం తయారయ్యేది అక్కడ. ఆ పదార్థం పేరు క్యాప్సైసిన్. గింజలు ఆ ఈనెను ఆనుకుని ఉంటాయి కాబట్టి వాటికి కారం అంటుకుంటుంది. లోకంలోనే అతి కారమైన రకాల్లో ఈనె ఒక్కటే చాలదు, కాయ తోలు లోపలి వైపు కూడా కారం తయారవుతుంది. వాటికి అంత ఘాటు రావడానికి అదొక కారణం.

కారాన్ని కొలవవచ్చని చూపిన మనిషి అమెరికాకు చెందిన విల్బర్ స్కోవిల్. 1912లో ఆయన మిరప సారాన్ని తీపి నీళ్లలో కలుపుతూ, నాలుకకు మంట తెలియకుండా పోవడానికి ఎన్ని రెట్లు పలచన చేయాలో లెక్క కట్టాడు. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు గానీ లెక్కకు ఆయన పేరే ఉంది. మన గుంటూరు సన్నం 35 వేల నుంచి 40 వేల స్కోవిల్‌లు ఉంటుందని చెబుతారు. అస్సాం, నాగాలాండ్ కొండల్లో పండే భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. నాగా మిర్చి పేరుతో నాగాలాండ్‌కు 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కొండల వాళ్లు తరతరాలుగా పెరళ్లలో దాచుకున్న విత్తనం అది.

మా పక్క ఊరి కుర్రాడొకడు ఉద్యోగం మీద అస్సాంలో ఉండి, సెలవుకు వస్తూ ఆ ఎండు కాయలు గుప్పెడు తెచ్చాడు. గింజలు తీసి మా బడి పెరట్లో నారు పోశాం. నాలుగు మొక్కలు బతికాయి. పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు, రుచి చూసే పని పెద్దవాళ్లమే పెట్టుకున్నాం. సూది మొనంత నాలుకకు తాకించినా ఒక చెట్టు కాయ చెవుల దాకా మండించింది. పక్క చెట్టు కాయ మన పెరటి మిరప కన్నా కాస్త ఎక్కువ, అంతే. మొదటి చెట్టు కాయలే రెండో కోతకు వచ్చేసరికి కొంత నెమ్మదించాయి. చూడవచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. "మోసపు విత్తనం" అన్నారు కొందరు. "మన మన్నులో ఏదీ సరిగా రాదు" అన్నారు ఇంకొందరు. ఈ రెండో మాట మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. మన గురించి మనం ఎప్పుడూ అనుకునే మాట అది. అందుకే కారణాలు ఒక్కొక్కటే వెతికాం.

మొదటిది విత్తనం. మిరప పువ్వు తనంతట తానే కాయ కట్టగలదు. కానీ తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. కారం మిరప పక్కన చప్పటి మిరప వేస్తే ఈ ఏడు కాయ చప్పబడుతుందని మన దగ్గర చాలామంది అంటారు. అలా జరగదు. ఈనె, తోలు తల్లి చెట్టువి. కలిసిన గుణం గింజలోకి పోతుంది, ఆ గింజ నాటిన ఏడు బయటపడుతుంది. అస్సాంలో ఏ పెరట్లో ఏ మిరప పక్కన ఆ చెట్టు పెరిగిందో మన కుర్రాడికి తెలియదు. ఒకే గుప్పెడు గింజల్లో అక్కాచెల్లెళ్లంత తేడా ఉండటానికి అది చాలు.

రెండోది చోటు. భూత్ జొలోకియాను అస్సాంలోని తేజ్‌పూర్‌లో, మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్‌లో పెంచి పోల్చిన పరిశోధన ఒకటి 2005లో వచ్చింది. గ్వాలియర్ కాయల్లో కారం సగానికి పైగా తగ్గింది. అక్కడ వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ. ఎండ ముదిరితే కారం ముదురుతుందని మనం అనుకుంటాం. చాలా రకాల్లో కొంచెం నీటి ఎద్దడి కారాన్ని పెంచే మాట నిజమే. తడి కొండల్లో స్థిరపడిన చెట్టుకు ఆ లెక్క పనిచేయలేదు. ఏ రకానికి ఏది పడుతుందో ఆ రకాన్ని పెంచి చూస్తేనే తెలుస్తుంది.

మూడోది కాయ వయసు, కొమ్మ మీద దాని చోటు. పువ్వు రాలి పిందె పడ్డ కొన్ని వారాల దాకా కారం పెరుగుతూ పోతుంది. సుమారు 40, 50 రోజులకు నిండుతుంది, ఆ తర్వాత కొంత తగ్గుతుంది. అదే చెట్టులో కింది కణుపుల దగ్గర ముందుగా కాసిన కాయల్లో కారం ఎక్కువనీ, పైకి పోయేకొద్దీ తగ్గుతుందనీ పరీక్షల్లో తేలింది. అందుకే మా తొలి కోత మండింది, మలి కోత నెమ్మదించింది. అంటే మోసమూ లేదు, మన మన్నులో లోపమూ లేదు.

అసలు ఈ తేడా మిరప పుట్టుకలోనే ఉంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. బొలీవియా అడవుల్లో ఒకే జాతి చెట్లు కొన్ని కారంగా, కొన్ని చప్పగా పక్కపక్కనే ఇప్పటికీ ఉన్నాయి. పురుగులు పొడిచిన కాయల్లో బూజు చేరి గింజను తింటుంది, కారం ఆ బూజును ఆపుతుంది. బూజు ఎక్కువగా ఉండే తేమ చోట్ల కారం చెట్లు ఎక్కువ. పొడి చోట్ల కారం చెట్టుకు గింజలు తక్కువ పడతాయి కాబట్టి చప్పటివీ నిలిచాయి. పక్షి నోటికి కారం తెలియదు, కాయ తిని గింజను దూరం మోస్తుంది. ఏ చోటికి ఏది పనికొస్తే అది మిగిలింది.

పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చి మిరపకు 500 ఏళ్లు. అంతకు ముందు మన పెద్దలు మిరప ఎరుగరు. మరి "మా మిరప" అని ఎలా అంటున్నాం? ప్రతి ఏడూ మన ఆడవాళ్లు మంచి చెట్టు చూసి, దాని కాయ పండనిచ్చి, ఎండబెట్టి, గింజ దాచి మళ్లీ నాటారు. అలా ఏరి ఏరి మన చోటికి తగిన రకాన్ని చేసుకున్నారు. ఏరుకున్నందువల్లే అది మనదయింది. వరంగల్ చపాటా మిరపలో కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ గుణాన్నే రైతులు నిలబెట్టుకున్నారు, 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువైనంత మాత్రాన ఆ కాయ విలువ తగ్గలేదు.

ఇప్పుడు మన పల్లెల్లో ఏరే చేతులు తగ్గిపోతున్నాయి. ప్యాకెట్ విత్తనం కొంటున్నాం. హైబ్రిడ్ మొదటి ఏడు అన్ని చెట్లూ ఒకేలా కాస్తాయి. ఆ గింజలే దాచి నాటితే మరుసటి ఏడు గుణాలు చెదిరిపోతాయి, మళ్లీ కొనక తప్పదు. ఈలోగా పెరట్లో అమ్మమ్మ దాచిన గింజ పోతుంది. ఆకాశం వైపు నిలబడి కాసే చిన్న మిరప ఒకప్పుడు మా ఊళ్లో ప్రతి పెరట్లో ఉండేది. ఇప్పుడు రెండు మూడు ఇళ్లలోనే ఉంది. కోతకు పోయే మన పిల్లలకు బస్తా ధర తెలిసి, గింజ ఎంచడం తెలియకపోతే, మిరప చేలో మనం ఎప్పటికీ కూలివాళ్లంగానే మిగులుతాం.

అందుకే మా బడిలో ఒక పని మొదలుపెట్టాం. ఖర్చు లేని పని, ఏ బడిలోనైనా చేయవచ్చు. పూత విప్పకముందే ఒక కొమ్మకు పలచటి గుడ్డ సంచి కట్టాలి, తేనెటీగ దూరకుండా. పిందె పడ్డాక సంచి తీసి ఆ కాయలకు రంగు దారం కట్టాలి. ఏ చెట్టు, ఎన్నో కోత, ఎన్ని రోజుల కాయ, నీరు ఎప్పుడు పెట్టామో పిల్లలు నోటు పుస్తకంలో రాస్తారు. ఒక్క చెట్టును నమ్ముకోకుండా నాలుగైదు మంచి చెట్ల నుంచి గింజ తీస్తారు. ఏ చెట్టు మంచిదో చెప్పడానికి ఊళ్లోని పెద్దమ్మల్ని బడికి పిలుస్తాం. అక్షరం రాని మనుషులు బడిలో పాఠం చెబుతుంటే పిల్లలు మా మాట కన్నా శ్రద్ధగా వింటారు.

మన విజ్జి పండుం విత్తనాల పండుగ. వేసవిలో ఇంటింటి గింజా ఒక చోటికి చేరే రోజు. ఈసారి ఆ రోజుకు మా పిల్లలు చిన్న మిరప గింజల పొట్లాలు కట్టి, మీద చెట్టు వివరం రాసి తీసుకుపోతారు. ఆ గింజ పోయిన ఇళ్లకు పంచుతారు. మీ ఊళ్లో కూడా అలాంటి మిరప చెట్టు ఎక్కడో ఒక పెరట్లో ఇంకా ఉండే ఉంటుంది. కాయలు అయిపోకముందే వెళ్లి ఆ ఇంటి పెద్దమ్మను అడగండి.