గోడమీద అతిథి!

రాజీవ్ రహదారి పక్కన శామీర్‌పేట చెరువు, జింకల పార్కు. అటు మేడ్చల్ దాకా పొలాల మధ్య లేచిన కొత్త కాలనీలు. సాయంత్రం లైటేస్తే పురుగులొస్తాయి, వాటి వెనకే సాలీడు! గోడమీద అరచేతంత కనిపించిందా... ఆ గదిలో నిద్రపోనని పిల్లాడు మొండికేస్తాడు.

నిజానికి ఇళ్లలో తిరిగే ఆ పెద్ద సాలీడు గూడు అల్లదు. బొద్దింకల్ని వేటాడుతుంది. కుడితే నొప్పే తప్ప ప్రాణభయం లేదు. మరి పిల్లాడి భయమో? మొదట బొమ్మ, తర్వాత దూరంగా సాలెగూడు, ఆపైన గ్లాసు కింద సాలీడు... ఇలా మెట్టుమెట్టుగా అలవాటు చేయాలంటారు మానసిక వైద్యులు. గ్లాసు బోర్లించి, అడుగున అట్టముక్క దూర్చి పెరట్లో వదిలేస్తే సరి.

అన్నట్టు, శ్రీకాళహస్తిలో ‘శ్రీ’ అంటే శివుణ్ని కొలిచిన సాలెపురుగేగా!